అనసూర్య పై పండ్లు

కరీంనగర్,
11 ఆగస్టు 1961

శంకరక్కా,

బతికే ఉన్న. ముందుగాల గీ ముక్క రాస్తె మిగిలింది నిమ్మలంగ ఇంటవు. బావ మగ్గాల ఇంట్ల సగం నేసిన చీరె ఇడిచిపెట్టి బస్సెక్కిన కాంచి నీకు ఉత్తరం రాయలే, తప్పే. "గా లఫంగిగాడు నా గడప తొక్కితె కాళ్లిరగ్గొడ్త" అని బావ అన్నడట, ఖానాపూర్ నుంచి వచ్చినోళ్లు చెప్పిండ్రు. కాళ్లు నాకు అక్కరున్నయి, అందుకే వస్తలేను. ఇక్కడ దశరథం సేటు సైకిల్ దుకాణంల ఉన్న. పంచర్లేస్త, కిరాయి సైకిళ్లు తుడుస్త. మగ్గం గుంతల కూసునుడు నాతోని కాదక్కా. కాళ్లు గుంతల, కండ్లు నూలుల, జన్మంత గంతేనా?

అసలు ముచ్చట అనసూర్యది. ఓ కోడలు పిల్లా, మీ అవ్వకు ఇది చదివేది నువ్వే గద, సిగ్గుపడకుంట గట్టిగ చదువు. పై పండ్లు ముందటికొచ్చి, నడుమ సందు పడి, పెదవులు కలుస్తలెవ్వని, బడిల పోరగాండ్లు "పార, పార" అంటుండ్రని, అది బడి బంద్ పెట్టిందని ఇన్న. మనసుల పడలే. నేను బడి ఇడిచింది తిక్కతోని. ఉర్దూల అలీఫ్ బే నేర్సుకున్నంక ఇగ తెలుగు బడి అన్నరు, మల్ల ఒకటోదిల పోరగాండ్ల నడుమ ఎవలు కూసుంటరని లేచొచ్చిన, ఈ తెలుగు రాత ఎన్క బస్సుల, దుకాణాల బోర్డులు చూసి నేర్సుకున్నదే. దానికి గా గతెందుకు? మీ ఇంట్ల అక్షరం వచ్చింది దానికొక్కదానికే.

ఇక్కడ ఒక పండ్ల డాక్టరుండు. హైదరాబాద్ల చదివొచ్చిండు. ఆయన సైకిల్ మా దుకాణానికే వస్తది. ఆయన బిడ్డకు గూడ అనసూర్య లెక్కనే పండ్లు. మొన్న గాలి కొట్టుకుంట దగ్గర్నుంచి చూసిన. పండ్ల మీద తీగె, తీగె కాడ గింతంత రబ్బరు రింగు. "ఏందమ్మా గది?" అన్న. "రబ్బరు గుంజుతది, పండ్లు దగ్గరికొస్తయి" అన్నది. గంతే అక్కా! పడుగు వదులైతె గుంజి కట్టమా? ఇదీ గట్లనే.

తీగె నా తాన లేదు, రబ్బరుంది. సైకిల్ వాల్‌ట్యూబును బ్లేడుతోని సన్నగ కోసి రింగులు చేసిన. పొట్లం కట్టి పంపుతున్న. ముందటి రెండు పండ్లకు కలిపి ఒక రింగు తొడుగు. పండుకునేటప్పుడు తొడిగితె సాలు. బావకు చెప్పకు.

దానికి పై పండ్లు ముందుగాల మొలిసినయని, మేనమామకు గండమని, మన బాపు నన్ను కూసోబెట్టి నూనె గిన్నెల దాని మొఖం చూపించిండు, యాదికున్నదా? గిన్నెల రెండు బియ్యపు గింజలు కనవడ్డయి. నేను నవ్వితె బాపు నెత్తి మీద మొట్టిండు. నా పేరు మీద మొలిసిన పండ్లవి. నేనే చక్కజేస్త.

నీ తమ్ముడు
హనుమండ్లు


ఖానాపూర్,
2 సెప్టెంబర్ 1961

తమ్మీ హనుమండ్లుకు,

నేను చెప్తున్న, అనసూర్య రాస్తున్నది. బతికే ఉన్న అని రాసినవు గని మంచిగున్న అని రాయలే. ఏం తింటున్నవు? ఎవలు వండుతుండ్రు? దుకాణంలనే పంటున్నవా? గవి రాయక మగ్గం మీద కోపం రాసినవు.

మీ బావ తిట్టుడు బంద్ జేసిండు. గది ఇంకా చెడ్డ. నువ్వు ఇడిచిపెట్టిన చీరెను ఆయనే నేసి దించిండు. నీ చెయ్యి యాడ ఆగిందో, ఆయన చెయ్యి యాడ మొదలైందో అడ్డం గీత లెక్క కనవడ్తది. ఎవలు ముడ్తలేరని నేనే కట్టుకుంటున్న. నీ గీత నా మోకాళ్ల కాడ ఉంటది.

నీ రింగు తొడిగిన. పిల్ల ఉమ్ముకుంట, నవ్వుకుంట పండుకున్నది. తెల్లారి చూస్తె లేదు. చాప దులిపిన, బొంత దులిపిన, దొరకలే. మింగినవానే అంటె లేదంటది. మల్లొకటి తొడిగిన, గదీ మాయం. నీ రబ్బర్లు నీ లెక్కనే ఉన్నయిరా, ఒక్కకాడ నిలువయి. కడుపుల పడితె ఏం గాదు గద? జర ఎవలనన్న అడుగు.

మామా, ఇగ ఇది నా సొంత రాత. అవ్వ పొయ్యి కాడికి పోయింది. నేను మింగలే, ఒట్టు. రింగులు ఇంకా పంపు. పార అంటె నేను రాయి పట్టుకొని ఎంటబడ్డ, గందుకే బడికి పోతలేను, భయంతోని కాదు. నీకు సైకిల్ మీద చేతులిడిచి తొక్కుడు వస్తదా?

అనసూర్య


కరీంనగర్,
17 సెప్టెంబర్ 1961

అక్కా,

ఫికర్ చెయ్యకు. మింగితె మింగనియ్యి. చింతగింజ మింగలేదా నేను, ఏమైంది? పోయెతొవ్వల పోతది. రింగు వదులుండి జారుతున్నట్టున్నది, ఈసారి ఇంకా సన్నం ట్యూబుది కోసిన, బిర్రుగ పడ్తది. ఒకటి పోతె ఒకటి తొడుగు, తెంపు లేకుంట తొడుగు. పగటిపూట గూడ ఉండనియ్యి.

డాక్టర్ను అడుగమన్నవు. ఎట్లడుగుదు? పెండ్లికెదిగిన పిల్ల నోట్లెకు సైకిల్ దుకాణపోడు తొంగిచూసిండని తెలిస్తె ఏమనుకుంటడు? సేటు గూడ ఎల్లగొడ్తడు. అడుగుటానికి ఏమున్నది, కండ్లతోని చూసిన గద.

తిండి మంచిగనే ఉన్నది. హోటల్ల రొట్టె, పప్పు. నీ చేతి పుంటికూర యాదికొస్తది, గంతకన్న ఏం రాయను.

కోడలు పిల్లా, చేతులిడిచి తొక్కుడు వస్తది. మొన్న గట్ల తొక్కి సేటు కొత్త సైకిల్ను మోరీల పడగొట్టిన. సేటు పండ్లు కొరికిండు. ఆయన పండ్లు మంచి తీరుగున్నయి.

హనుమండ్లు


ఖానాపూర్,
26 అక్టోబర్ 1961

తమ్మీ,

ఏం చెప్పుదురా, సందు పోయింది! పోయిన నెలల బలపం పట్టేది, ఇప్పుడు దారం పడ్తలేదు. ముందటి రెండు పండ్లు పక్కపక్కకొచ్చి నిలవడ్డయి, సుట్టాల లెక్క. బతుకమ్మ కాడ కొంగు నోటికి అడ్డం పెట్టుకోకుంట పాడింది పిల్ల. అందరూ నా మొఖం చూసిండ్రు. "ఎవలు జేసిండ్రే శంకరవ్వా?" అంటె, "మా తమ్ముడు, కరీంనగర్ల డాక్టర్ తాన పని నేర్సుకుంటుండు" అన్న. అబద్ధమాడిన, ఏమనుకోకు.

దసర పోయినంక బడికి పోయింది. బాలమల్లు పంతులు ముందటి వరుసల కూసోబెట్టిండట. మీ బావ గూడ చూసిండు. ఆ పూట రెండు బుక్కలెక్కువ తిన్నడు.

చిగురు జర ఎర్రగైంది, ఉబ్బింది. ఉడుకు చేసిందని పసుపు రాస్తున్న. ఆ రెండు పండ్లు పక్క పండ్ల కన్న పొడుగొచ్చినట్టు కొడ్తున్నయి. పెరిగే పిల్ల గద, పెరుగుతయి. రింగులు మాయమైతనే ఉన్నయి, తొడుగుతనే ఉన్న.

మామా, ఇది నా రాత, అవ్వకు చదివి చూపలే. జొన్నరొట్టె కొరికితె మస్తు నొస్తది. లోపలికి ముక్కి మింగుతున్న. గుంజితెనే నొస్తది గద, నొస్తెనే పని అయితున్నట్టు గద? ఇప్పుడు ఎవలూ పార అంటలేరు. ఒక్కడన్నడు, పంతులు వాణ్ని బెంచీ మీద నిలవెట్టిండు.

అనసూర్య


కరీంనగర్,
9 నవంబర్ 1961

అక్కా,

అనసూర్యా, ఇది మీ అవ్వను కూసోబెట్టి మొదటి నుంచి ఆఖరు దాక చదువు. ఒక్క ముక్క ఇడిచిపెట్టకు.

రింగులు తొడుగుడు ఈ పూటనే బంద్ చెయ్యి.

నీ ఉత్తరం చదివి నాకు రెక్కలొచ్చినట్టయింది. డాక్టర్ సైకిల్ తీసుకపోనీకె వస్తె ఆగలేకపోయిన. "డాక్టర్ సాబ్, మా మేనకోడలి పండ్లు నేనే దగ్గరికి తెచ్చిన" అన్న. ఆయన నవ్విండు. "ఎట్ల తెచ్చినవయ్యా?" వాల్‌ట్యూబు రింగులన్న. నవ్వు ఆగింది.

"తీగె ఏది?"

"తీగె లేదు సాబ్. ఉత్త రబ్బరే."

"మరి రబ్బరును ఆపేదేంది?"

నాకు సమజ్ కాలే. ఆయన సైకిల్ స్టాండేసి, ఏలు చూపెట్టి చెప్పిండు. పన్ను కొస వెడల్పు, మొదలు సన్నం. ఉత్త రబ్బరు తొడిగితె సన్నం దిక్కే జారుతది. తన బిడ్డకు పంటి సుట్టూ పట్టీ అతికించి, దానికి కొక్కెం పెట్టి, కొక్కానికి రబ్బరేసిండట. రబ్బరు జారకుంటనే ఆ కథంత. రింగు పొద్దుగాల కనవడ్తలేదంటె పడిపోయినట్టు కాదట. ఎక్కినట్టట. చిగురు లోపలికి పోయి, పంటి ఏరు సుట్టూ బిగిసి, ఎముకను తింటదట. పన్ను పొడుగొచ్చినట్టు కొడ్తున్నదంటె పెరిగి కాదు, ఊడొస్తుంది గనుక.

అక్కా, కదురు మీది నూలు సన్నం దిక్కు జారుడు మనం పుట్టిన కాంచి చూసినం గద. నాకెందుకు తట్టలే?

రేపే బస్సెక్కి నిర్మల్ సర్కారు దవాఖానకు తీసుకపో. చిగురు లోపల రబ్బరున్నదని చెప్పు. వాళ్లతోని కాకపోతె ఇక్కడికి తీసుకరా, ఈ డాక్టర్ తీస్తనన్నడు. ఇప్పుడే తీస్తె పండ్లు నిలుస్తయేమో అన్నడు. తీసినంక సందు మల్ల పడ్తె పడనియ్యి. బావకు చెప్పు. కాళ్లిరగ్గొట్టినా మంచిదే, నేనొస్త. నువ్వు ఊ అంటె సాలు.

హనుమండ్లు


ఖానాపూర్,
20 నవంబర్ 1961

తమ్ముడు హనుమండ్లుకు,

నీ ఉత్తరం అందింది. అంత చదివి ఇన్న. నిర్మల్ దవాఖానకు పోయినం. డాక్టర్ చూసిండు. రబ్బర్లు తీసిండు. పండ్లు మంచిగున్నయి అన్నడు. సందు పడలే. నువ్వు ఫికర్ చెయ్యకు. నువ్వు ఇప్పుడే రావద్దు, మీ బావకు కోపమున్నది. అనసూర్య రోజూ బడికి పోతుంది. పంతులు దాన్ని మెచ్చుకున్నడు.

ఇట్లు
శంకరవ్వ


మంచిర్యాల,
24 డిసెంబర్ 1961

అక్కా,

నీ ఉత్తరం కరీంనగర్లనే అందింది. డాక్టర్ను ఎతుకబోతె హైదరాబాద్ పోయిండన్నరు, ఆయనకు చెప్పలేకపోయిన. పన్ను దక్కింది, నా పానం దక్కింది.

ఈసారి నన్ను ఒక్క తిట్టు గూడ తిట్టలే నువ్వు. ఏం తిన్నవని అడుగలే. గంత కోపమా? తిట్టక్కా, నువ్వు తిట్టకుంటె బుగులైతది.

సేటుకు నాకు పడలే, మంచిర్యాలకొచ్చిన. సిమెంటు మిల్లుల బస్తాలు మోస్తున్న. ముక్కుల, చెవుల, పండ్ల సందుల అంత సిమెంటే. ఇక్కడ గూడ ఎన్ని దినాలుంటనో తెలువది. పై చిరునామాకు రాయి, చాయ్ హోటలాయన నా ఉత్తరాలు తీసి పెడ్తడు.

కోడలు పిల్లా, నీ సొంత రాత ఈసారి లేదేంది?

హనుమండ్లు


ఖానాపూర్,
18 ఫిబ్రవరి 1962

శ్రీ హనుమండ్లు గారికి,

ఖానాపూర్ పాఠశాల ఉపాధ్యాయుడు బాలమల్లు రాస్తున్నది. మీ అక్కగారు శంకరవ్వ మా ఇంటి అరుగు మీద కూర్చుని చెబుతున్నారు. "పంతులూ, నా మాటను నీ పుస్తకం మాట చెయ్యకు" అన్నారు. కనుక ఆమె చెప్పినట్టే రాస్తున్నాను.

హనుమండ్లూ, పిల్ల పండ్లు పోయినయిరా. రెండు పోయినయి. అన్నం తినుకుంట తినుకుంట నోట్లె చెయ్యి పెట్టుకొని బయటికి ఉరికింది. పోయి చూస్తె అరచేతుల ఒకటున్నది. ఇంకోటి తోలుకు ఏలాడుతున్నది. నెత్తురెక్కువ రాలే. నెత్తురు గూడ రాలేదురా, గంత ఎండిపోయినయి లోపల.

మీ బావ భుజం మీద ఏసుకొని బస్సుకు ఉరికిండు. నిర్మల్ దవాఖానల చిగురు కోసిండ్రు. నల్లటివి, సన్నటివి, ఒకదాని మీద ఒకటి. నీ రింగులు. డాక్టర్ ఒక్కొక్కటి పట్కారుతోని తీసి గిన్నెల ఏస్తుంటె మీ బావ అడిగిండు, "గివేంది?" అని. ఆయన నా దిక్కు చూసిండు. గా చూపు నేను సచ్చినా మరువ.

నువ్వు అట్ల రాస్తవా అని నిన్ను తిట్టుకుంట వచ్చిన. మింగితె మింగనియ్యి అని రాసినవు గదరా, తెంపు లేకుంట తొడుగు అన్నవు గదరా!

(ఇది నేను సొంతంగా రాస్తున్నాను. అమ్మాయి బడి సంచి సర్దుతుండగా నవంబర్ తొమ్మిదో తేదీన మీరు రాసిన ఉత్తరం, మంచిర్యాల నుంచి రాసినది దొరికాయి. శంకరవ్వకు చదవడం రాదు కనుక నా దగ్గరికి తెచ్చారు. నేను చదివి వినిపించాను. ఆమె వాటిని వినడం అదే మొదటిసారి. నిర్మల్ వెళ్లి రబ్బర్లు తీయించామని మీకు వచ్చిన జవాబు అమ్మాయి తనంతట తాను రాసింది.)

గప్పుడే నాకు చదివి చూపెడ్తె పండ్లు నిలిచేటియి. పిల్లను కొట్టిన. చిగురు కోసిన నోటి మీద కొట్టిన హనుమండ్లూ. ఎందుకు చదువలేదే అంటె కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. దాని చేతుల నేను అక్షరం పెట్టించిన, నాకొస్తె గిట్లయితుండెనా?

ఇగ నువ్వు రింగులు పంపకు, ఏం పంపకు.

శంకరవ్వ చెప్పగా రాసినది
బాలమల్లు


కరీంనగర్,
2 మార్చి 1962

అక్కా,

పంతులు ఇది నీకు చదువుతడని రాస్తున్న. పంతులూ, అంత చదువుండ్రి.

మంచిర్యాల నుంచి సక్కగ డాక్టర్ తానకే వచ్చిన. ఆయన నన్ను కొడ్తడనుకున్న, కొట్టలే. కుర్చీల కూసోమన్నడు. నేను కింద కూసున్న. పెట్టుడు పండ్లు చెయ్యొస్తదా అంటె, "దౌడ ఇంకా పెరుగుతది. ఇప్పుడు పెడితె ఏడాదికి పట్టదు. పెరిగినంక చూడాలె" అన్నడు. అక్కడ ఎముక తినుకపోయింది గనుక పక్క పండ్లు గా ఖాళీలకు ఒరుగుతయట, కింది పండ్లు మీదికి లేస్తయట. అప్పుడు నోరు మూస్తె ఒక్క పన్ను మీద ఒక్కటి కూసోదట. సందు చక్కజేద్దామని నోరే చెడగొట్టిన.

"దాని తీరు పండ్లకు మీరైతె ఏం చేస్తుంటిరి?" అన్న. "ముందుగాల నోరు చూస్తుంటి" అన్నడు. గంతే అన్నడు. నేను చూడనే లేదక్కా. ఇన్ని నెలలు దాని నోరు నేను ఒక్కసారన్న చూడలే. బావ కోపం అడ్డం పెట్టుకొని దూరం నుంచి పొట్లాలు పంపిన.

పిల్లను కొట్టకు. అది నేను తొడుగుమంటె తొడిగించుకున్నది.

బావా, ఇది నీకు. వస్త. వాకిట్లనే నిలవడ్త. ఏమన్న చెయ్యి. ఒక్క ముక్క రాయించు, రమ్మనో, వద్దనో.

అనసూర్యా, మీ అవ్వకు చెప్పకపోతివి, నాకన్న రాయకపోతివా బిడ్డా?

హనుమండ్లు


ఖానాపూర్,
21 మార్చి 1962

మామా,

అవ్వ ఇగ నన్ను ఉత్తరాలు రాయద్దన్నది, పంతులే రాస్తడు. ఇది ఆఖరుది. అవ్వను అడిగే రాస్తున్న, దొంగతనంగ కాదు.

ఎందుకు చెప్పలేదని అడిగినవు. నీ ఉత్తరంల సందు మల్ల పడ్తె పడనియ్యి అని ఉన్నది. నేను గాడనే ఆగిన. అంతకు ముందు రోజే బడిల పంతులు నాతోని పాఠం చదివించిండు, ఎవ్వలు నవ్వలే. ఇంకొన్ని దినాలుంటె గట్టిగ అతుక్కపోతయి, అప్పుడు చెప్దామనుకున్న. రోజూ నాలికెతోని కదిలించి చూసుకునేదాన్ని. రోజుకింత ఎక్కువ కదిలేటియి. ఇగ చెప్పుటానికి భయమైంది.

ఇప్పుడు బడికి పోతలేను. చదువుతె గాలి పోతది, స అంటె ఇంకోటి వస్తది. పంతులు ఇంటికొచ్చి అడిగిండు. నువ్వు ఇడిచిపెట్టిన మగ్గం ఖాళీగున్నది గద, గందుల బాపు నన్ను కూసోబెట్టిండు. కాళ్లు కిందికి అందకపోతె గుంతల పీట ఏసిండు. బాపు తిడ్తలేడు. పోగు తెగితె వచ్చి అతికి పోతడు. తెగిన పోగును పండ్లతోని కొరుకాలె, నాకు రాదు, అందుకే బాపే వస్తడు.

పాలపండ్లయితె ఇంటి మీద ఇసిరేస్తరు. ఇవి యాడ ఎయ్యాల్నో అవ్వకు తెలువలే. నీ రింగులు వచ్చిన పొట్లంల కట్టి గూట్లె పెట్టింది.

బాపును అడిగిన, మామ రావొచ్చా అని. చాలాసేపు నేసి, "వాడు ఏనాడన్న చెప్పి వచ్చిండా?" అన్నడు. అంటె రావొచ్చనే అనుకుంటున్న.

నా పై పండ్లతోని నీకు గండమని తాత నూనె గిన్నెల చూపించిండని రాసినవు గద. ఇగ గవి లెవ్వు మామా. నీకేం గాదు.

అనసూర్య